రాజస్థాన్ ఓడీసీ: పటాన్‌చెరు నుంచి ఫతేగఢ్‌కి ట్రాన్స్‌ఫార్మర్ లోడు, పుల్లర్ అటాచ్ పెట్టొచ్చా?

సింహపురి_పుల్లర్
అన్నలందరికీ నమస్కారం. మాది నెల్లూరు సైడు. నాకు రెండు పుల్లర్లు ఉండాయి, ఇన్నాళ్లూ కృష్ణపట్నం పోర్టు నుంచి దగ్గర దగ్గర లోడ్లే లాగాం, మహా అంటే బళ్ళారి దాకా. ఇప్పుడు హైడ్రాలిక్ యాక్సిల్స్ ఉన్న ఒక పెద్ద ట్రాన్స్‌పోర్టు వాళ్లు ఒక పుల్లర్ అటాచ్ పెట్టమంటా ఉండారు. పటాన్‌చెరు దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ లోడు, ఓడీసీ (మామూలు కొలతలు దాటిన పెద్ద లోడు), రాజస్థాన్‌లో జైసల్మేర్ జిల్లా ఫతేగఢ్ సబ్‌స్టేషన్‌కి పోవాల. వెయిట్ రెండొందల టన్నుల పైనే అన్నారు, ముందు రెండు పుల్లర్లు వెనక ఒకటి. డీజిల్ వాళ్లది, డ్రైవరు హెల్పరు నావోళ్లు, నెలకి ఇంత అని మాట్లాడారు. డబ్బు చూస్తే బాగానే కనపడతా ఉంది కానీ ఎడారి అంటే నాకేం తెలీదబ్బా. పోయి వచ్చినోళ్లు ఎవురైనా ఉంటే కాస్త చెప్పండి, ఏం చూసుకోవాల, ఏం అడగాల, ఎన్నాళ్లు పడతాది. వాళ్లయితే నలభై రోజులు అంటా ఉండారు.

థార్_తిరిగినోడు
తమ్మీ, నాది సంగారెడ్డి. నేను ఆరేండ్లు గా సైడే ఉన్న, జైసల్మేర్, పోకరణ్, ఫలోదీ, బాడ్‌మేర్ అన్నీ తిరిగిన, ఫస్ట్ గాలిమరల లోడ్లు, తర్వాత ట్రాన్స్‌ఫార్మర్లు. నలభై రోజులన్న మాట పక్కన పెట్టు. రోడ్డు మీద బండి నడిచే రోజులు నలభై ఉంటయేమో గానీ ఆగే రోజులు ఎవ్వడూ లెక్కల చెప్పడు. పర్మిషన్ కోసం ఆగుతవ్, బ్రిడ్జి కాడ ఆగుతవ్, రైల్వే గేటు కాడ ఆగుతవ్, ఊర్ల పెండ్లి ఉంటే ఆగుతవ్, సైటుకి పోయినంక ఫౌండేషన్ రెడీ లేదంటే మళ్ల ఆగుతవ్. గందుకే నెల కిరాయి అంటున్నరు కద, ఆ నెల యాడికెల్లి మొదలైతది, యాడ ఖతమైతది అనేది కాగితం మీద రాయించుకో. లోడు ఎక్కిన రోజు నుంచా, నీ బండి ఇంట్ల నుంచి కదిలిన రోజు నుంచా? ఖాళీగ వాపస్ వచ్చే పదిహేడొందల కిలోమీటర్ల డీజిల్ ఎవరిది? నా మొదటి ట్రిప్పుల ఈ ఒక్క ముచ్చట అడగక నెల కిరాయి మొత్తం వాపస్ డీజిల్‌కే పెట్టిన.

కొత్తలారీ
అన్నా ఒక డౌట్, పుల్లర్ అంటే మామూలు ట్రైలర్ హార్స్ కాదా? హైడ్రాలిక్ యాక్సిల్ అంటే ఏంటి? నేను పది చక్రాల లారీ నడుపుతాను, ఇవి రోడ్డు మీద చూడటమే తప్ప తెలీదు.

రూట్‌సర్వే_అనంత
కొత్తలారీ తమ్ముడూ, మామూలు ట్రైలరుకి బండీ లోడూ కలిపి 55 టన్నులు దాటకూడదు, వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. అది దాటిందంటే ఓడీసీ. బరువు మరీ ఎక్కువైతే హైడ్రాలిక్ యాక్సిల్ మీద పెడతారు, ఒక్కో వరసకి 8 టైర్లు, బరువుని బట్టి ఎన్ని వరసలు కావాలంటే అన్ని జాయింట్ చేసుకుంటా పోతారు. ప్రతి వరస కిందా హైడ్రాలిక్ జాకీ మాదిరి ఉంటాది, రోడ్డు ఎగుడుదిగుడుగా ఉన్నా లోడు లెవెల్‌గా నిలబడతాది, అన్ని టైర్ల మీదా సమంగా బరువు పడతాది. చక్రాలన్నీ తిరుగుతాయి కూడా. దానికి ఇంజన్ ఉండదు, లాగేది పుల్లర్. అంటే మామూలు హార్సే గానీ బలమైంది, గేర్లు వేరే, వెనక చక్రాల పైన కాంక్రీట్ దిమ్మెలో ఇనుప బరువులో వేసుకుంటారు, లేకుంటే చక్రం గ్రిప్ లేక ఉన్నచోటే తిరుగుతాది.

ఇంక సింహపురి అన్నకి. అన్నా నా పనే దారి కొలిచేది, అనంతపురంలో గాలిమరలు వచ్చినప్పటి నుంచీ ఇదే పని. నువ్వు ఫస్ట్ అడగాల్సింది రూట్ సర్వే రిపోర్టు. ఫోన్‌లో మ్యాపు పెట్టి హైదరాబాదు, షోలాపూర్, పుణె, సూరత్, అహ్మదాబాద్, సాంచోర్, బాడ్‌మేర్ అని గీత గీస్తే అది దారి కాదు. పుణె దాటితే ఖండాలా ఘాటు ఉంది, షోలాపూర్ నుంచి ఔరంగాబాద్ మీదుగా ధూలే పోదామంటే కన్నడ్ ఘాటు ఉంది, ఈ బరువుతో ఆ దిగుడు ఎట్లా దిగుతారు, యాడ నుంచి తిప్పుతారు అని అడుగు. రిపోర్టులో ప్రతి బ్రిడ్జి, ప్రతి కల్వర్టు, ప్రతి వైరు ఎత్తు, ప్రతి మలుపు ఫొటోతో సహా ఉండాల. మూడు నెలల పాత రిపోర్టు అయితే అది పనికిరాదు సామీ, ఈ మధ్యలో కొత్త ఫ్లైఓవరు కట్టడం మొదలు పెట్టింటారు, డైవర్షన్ రోడ్డు మట్టిది వేసింటారు, నీ లోడు అక్కడే కూలబడతాది.

ఈవేబిల్_అక్క
నేను విజయవాడలో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో పదకొండేళ్లుగా కాగితాల పని చూస్తున్నాను, డ్రైవర్లు రోడ్డు మీద ఇరుక్కుంటే రాత్రి పన్నెండింటికి ఫోను వచ్చేది నాకే. సింహపురి తమ్ముడూ, ఇది మాత్రం రాసుకోండి. మామూలు లోడుకి ఈవేబిల్ (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే ఆన్‌లైన్ బిల్లు) రోజుకి 200 కిలోమీటర్ల లెక్కన వ్యాలిడిటీ ఇస్తుంది. ఓడీసీకి అలా కాదు, రోజుకి 20 కిలోమీటర్లే లెక్క. అంటే 1700 కిలోమీటర్లకి 85 రోజులు వస్తుంది, మీకు లాభమే. కానీ బిల్లు చేసేవాళ్లు వెహికల్ టైపు దగ్గర ఓవర్ డైమెన్షనల్ అని పెట్టకుండా రెగ్యులర్ అని పెట్టేస్తే తొమ్మిది రోజుల్లో అయిపోతుంది. ఇది నా కళ్ల ముందు జరిగింది, బిల్లు మధ్య దారిలో ఎక్స్‌పైర్ అయ్యి చెక్‌పోస్టులో పట్టుకుంటే పన్నుకి రెండింతలు జరిమానా అన్నారు, డ్రైవరు పదహారు రోజులు ఆ లోడు పక్కనే నులక మంచం మీద పడుకున్నాడు. పొడిగించాలంటే టైము అయిపోవడానికి ఎనిమిది గంటల ముందు గానీ, అయిపోయాక ఎనిమిది గంటల లోపు గానీ చెయ్యాలి, ఆ తర్వాత సిస్టమ్ తీసుకోదు. బిల్లు కాపీ మీ ఫోన్లో పెట్టుకుని లోడింగ్ రోజే వెహికల్ టైపు మీరే చూసుకోండి. ట్రాన్స్‌పోర్టరు చూసుకుంటాడులే అనుకోకండి, బండి నిలబడితే నష్టం మీది.

సింహపురి_పుల్లర్
అక్కా చాలా థ్యాంక్స్, ఈ 20 కిలోమీటర్ల సంగతి నాకు అసలు తెలీదు. అనంత అన్నా, సర్వే రిపోర్టు అడిగితే ఉంది ఉంది అంటా ఉండారు గానీ పంపలా. రేపు ఆఫీసుకి పోయి కూర్చుంటా. పర్మిషన్ల సంగతి ఎట్లా? అవి మొత్తం వాళ్లే తెస్తారంట.

రూట్‌సర్వే_అనంత
వాళ్లే తేవాల. నేషనల్ హైవేకి కేంద్ర రవాణా శాఖ పోర్టల్‌లో ఆన్‌లైన్ పర్మిషన్ ఉంటాది, స్టేట్ రోడ్లకి ఆయా రాష్ట్రాల పీడబ్ల్యూడీ. నువ్వు చూడాల్సింది పర్మిషన్ కాగితంలో రాసిన కండిషన్లు, ఎందుకంటే స్టీరింగ్ నీ డ్రైవరు చేతిలో ఉంటాది. బ్రిడ్జి మీద ఇంకో బండి ఉండకూడదు, రోడ్డు మధ్యలో పోవాల, గంటకి 5 కిలోమీటర్లు దాటకూడదు, బ్రిడ్జి మీద బ్రేకు వెయ్యకూడదు, ఆగకూడదు. బ్రేకు ఎందుకు వద్దంటారో మీ డ్రైవరుకి చెప్పు అన్నా. రెండొందల టన్నులు కదులుతా కదులుతా టక్కున ఆగితే ఆ ఊపంతా బ్రిడ్జి అడ్డంగా తీసుకోవాల, కింద స్తంభాలూ బేరింగులూ దానికోసం కట్టినవి కావు. చానా మంది డ్రైవర్లకి ఇది ఎవురూ చెప్పరు, రూలు అని మాత్రం చెప్తారు.

రైల్వే గేటు కాడ ఇంకో లెక్క. కరెంటు లైను ఉన్న గేట్ల దగ్గర రెండు పక్కలా ఎత్తు గేజి కడతారు, 4.67 మీటర్లు. ట్రాన్స్‌ఫార్మర్ యాక్సిల్ మీద పెట్టాక అంతకన్నా ఎత్తు వస్తే రైల్వే వాళ్లు పవర్ బ్లాక్ ఇచ్చి (లైనులో కరెంటు ఆపి), వాళ్ల మనుషులు వచ్చి దగ్గరుండి దాటిస్తేనే దాటాల. పైన 25 వేల వోల్టులు. దానికి డేట్ ఇచ్చేదాకా కాసుకోవాల్సిందే.

ఫతేగఢ్_సైట్
గురూ నేను ఆ సైడే పని చేస్తున్నాను, మాది శ్రీకాకుళం. ఫతేగఢ్, భడ్లా రెండు చోట్లా సబ్‌స్టేషన్ పనులు చూశాను. భడ్లా సోలార్ పార్కే 2245 మెగావాట్లు, ఇంక ఈ పక్క ఫతేగఢ్, రామ్‌గఢ్ చుట్టుపక్కల ఎటు చూసినా ప్యానెళ్లు, గాలిమరలు. ఇక్కడ తయారైన కరెంటు బయటికి పోవాలంటే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లు కావాలి కదా, అందుకే మీలాంటి లోడ్లు వరసగా వస్తున్నాయి, ఒక్కో వారం మూడు నాలుగు లోడ్లు బాడ్‌మేర్ రోడ్డులో ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉంతాయి.

హైవే దాకా పరవాలేదు. సాంచోర్ నుంచి బాడ్‌మేర్, శివ్, దేవీకోట్ మీదుగా జైసల్మేర్ పోయే రోడ్డు నేషనల్ హైవే 68, తారు బాగానే ఉంతాది. అసలు కష్టం హైవే దిగాక. సైటు దాకా ఉన్న ఆఖరి పది పదిహేను కిలోమీటర్లు. ఊరి రోడ్డు సన్నంగా ఉంతాది, తారు అంచు దిగితే ఇసక. చూడ్డానికి గట్టిగా కనపడతాది, పైన పొర ఎండకి గట్టిపడి ఉంతాది, ఒక్క వరస టైర్లు దిగాయంటే లోపల పిండిలాగ. నిరుడు ఒక లోడు మూడు రోజులు అలాగ ఒరిగి ఉండిపోయింది, ఇనుప ప్లేట్లు తెప్పించి, కింద మొరం కొట్టించి, రోలర్ తొక్కించి తీశాం. కాబట్టి ఆఖరి రోడ్డు మొరం ఏసి తొక్కించి రెడీ అయ్యిందని ఫొటో కాదు, వీడియో తెప్పించుకోండి, తేదీ కనపడేలాగ. గాలికి ఇసక కొట్టుకొచ్చి రోడ్డు మీద మేట వేస్తాది, వారం కింద తీసిన ఫొటోలో ఉన్న రోడ్డు ఈ వారం కనపడదు.

థార్_తిరిగినోడు
గా ఇసక మేట ముచ్చట నిజమే. రాత్రి మంచిగున్న రోడ్డు పొద్దుగాల చూస్తే సగం పూడిపోయి ఉంటది. లోడు ముంగట ఒక జేసీబీ పెట్టుకోకుంటె నడవదు.

ఎండ గురించి ఎవ్వలూ చెప్పలే. 2016 మే 19 నాడు ఫలోదీల 51 డిగ్రీలు, మన దేశంల రికార్డు అది. ఆ ఏడు నేను అక్కడి నుంచి వంద కిలోమీటర్ల దూరంల ఉన్న. మధ్యాహ్నం ఇనుము ముట్టుకుంటే చెయ్యి అంటుకున్నట్టయితది. మే, జూన్‌ల లోడు ఒప్పుకుంటే పొద్దుగాల నాలుగ్గంటల నుంచి పదింటి దాక నడుపు, మళ్ల సాయంత్రం చల్లబడ్డంకనే. మధ్యల ఆపు. టైర్లకి మాత్రమే కాదు, యాక్సిల్ హైడ్రాలిక్ పైపులు వేడికి ఉబ్బి పగుల్తయి, ఆయిల్ వేడెక్కి సీళ్లు లీకైతయి, అండ్ల ఇసక పోతే ఖతం. ఆ ఎండకి రోజుకి ఒక్కో మనిషికి ఎనిమిది తొమ్మిది లీటర్ల నీళ్లు కావాలె. పుల్లర్ వెనకాల రెండొందల లీటర్ల డ్రమ్ము కట్టుకో. అక్కడ ఊర్లల్ల నీళ్లకి వాండ్లే ట్యాంకరు తెప్పించుకుంటరు, నీకు ఇయ్యలేరు. ఇచ్చినా మనకు తీసుకోబుద్ధి కాదు.

ఆంధీ అంటరు అక్కడ, దుమ్ము గాలి. పడమటి దిక్కు ఆకాశం ఎర్రగ మట్టి రంగు అయితే ఇంక బండి కదపొద్దు. ఎదుటి మనిషి కనపడడు. లైట్లు అన్నీ వేసి, ముందు ఎనక కోన్‌లు పెట్టి, క్యాబిన్ల కూసో. మొదటిసారి చూసినప్పుడు నేను లోడు ముంగట నడిచే పైలట్ బండి కాడికి నడుచుకుంట పోదామని దిగిన, ఇరవై అడుగులల్ల దారి తప్పిన తమ్మీ.

కొత్తలారీ
అమ్మో. మరి ట్రాన్స్‌ఫార్మర్‌కి ఏమీ కాదా ఆ వేడికి?

ఫతేగఢ్_సైట్
మంచి ప్రశ్న తమ్ముడూ. రవాణాలో దాని లోపల ఆయిల్ ఉండదు, బరువు తగ్గడానికి తీసేస్తారు. ఆయిల్ బదులు పొడి గాలి గానీ నైట్రోజన్ గానీ కొంచెం ప్రెషరుతో నింపి సీల్ చేస్తారు, లోపలికి తేమ పోకుండా. పక్కన ఒక గేజి ఉంతాది, రోజూ రీడింగ్ రాయాలి. ఎడారిలో ఏటవుతాదంటే డిసెంబరు, జనవరిలో తెల్లారుజామున గజగజ వణికే చలి, మధ్యాహ్నానికి మంచి ఎండ, దాంతో పొద్దున్న గేజి పడిపోతాది, మధ్యాహ్నం పెరుగుతాది. కొత్త మనుషులు పొద్దున్నే చూసి లీకు లీకు అని గాభరా పడి సిలిండర్ తెచ్చి గాలి ఎక్కించేస్తారు, మధ్యాహ్నానికి ఎక్కువైపోతాది. రీడింగ్ రాసినప్పుడు పక్కనే ఆ టైములో ఉన్న టెంపరేచర్ కూడా రాస్తే ఏ గొడవా ఉండదు. ఇంకోటి, ట్యాంక్ మీద ఇంపాక్ట్ రికార్డర్ పెడతారు. గుంతలో పడినా, గట్టిగా బ్రేకు వేసినా టైముతో సహా అందులో రాసుకుంతాది. సైటులో దాన్ని తీసి చూశాకే లోడు తీసుకుంతాం. దెబ్బ కనపడితే ఆ గంటలో స్టీరింగ్ మీద ఎవరున్నారని అడుగుతారు. కాబట్టి సింహపురి గారూ, లోడింగ్ రోజున ఆ రికార్డరు ఆన్ అయ్యి జీరో దగ్గర ఉందని మీ డ్రైవరు సంతకంతో కాగితం తీసుకోండి, క్రేన్ దించినప్పుడు తగిలిన దెబ్బ మీ మీద పడకుండా.

సింహపురి_పుల్లర్
ఇది బంగారం లాంటి మాట చెప్పావు గురూ. నేనయితే చచ్చినా ఊహించను.

హెల్పర్_నాగ
అన్నలూ నేను మామూలుగా ఇక్కడ చదవడమే గానీ ఏమీ రాయను. మాది పల్నాడు. ఇప్పుడు లారీ మీద లేను. కానీ ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా, ఎందుకంటే అందరూ లోడు గురించి, బండి గురించి చెప్తున్నారు, లోడు పైన కూర్చునే మనిషి గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు.

నేను నాలుగేళ్లు ఓడీసీ లోడ్ల మీద హెల్పరుగా చేశా. లోడు ఊళ్లోకి వస్తే పైకెక్కి కర్రతో వైర్లు ఎత్తేది మేమే. ఇంటి సర్వీసు వైర్లు, కేబుల్ టీవీ వైర్లు, ఫోను వైర్లు, వాటితో పాటు కరెంటు లైన్లు కూడా. ఏ వైరు ఏదో చూసి చెప్పే మనిషి ఉండడు. పోకరణ్ దాటాక ఒక పల్లె, పేరు ఇప్పుడు గుర్తు చేసుకోవడం కూడా నాకు ఇష్టం లేదు, జనవరి నెల, తెల్లారి ఐదున్నర అయ్యుంటది. లైనులో కరెంటు ఆపమని షట్‌డౌన్ అప్లికేషన్ పెట్టాం, ఇంకా రాలేదు, కానీ లోడు వెనక ట్రాఫిక్ పెరుగుతుంది అని సూపర్‌వైజర్ పోనీయమన్నాడు, ఎండిన వెదురు కర్ర కదా ఏం కాదు అన్నాడు. రోజూ అదే కర్రతో ఎత్తుతున్నాం కూడా. కానీ ఎడారిలో చలికాలం మంచు పడుతుందన్నా, ఆ కర్ర రాత్రంతా లోడు మీదే పడి ఉంది, తడిసి ఉంది. నాతో పాటు ఉన్న అన్న, నాకు పని నేర్పినాయన, ఎత్తాడు. అది 11 కేవీ, పదకొండు వేల వోల్టుల లైను. ఆయన బతికాడు. కుడి చెయ్యి మోచేతి దాకా తీసేశారు. జోధ్‌పూర్ ఆస్పత్రిలో నెలన్నర ఉన్నాం, భాష రాదు, ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీదు. కంపెనీ ఆస్పత్రి ఖర్చు పెట్టింది, తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. ఆయన ఇప్పుడు ఊళ్లో ఎడం చేత్తోనే చిన్న టీ బంకు నడుపుతున్నాడు.

సింహపురి అన్నా, హెల్పరు నీ మనిషి అన్నావు. అతన్ని పైకి ఎక్కించొద్దు. షట్‌డౌన్ లేకుండా లోడు కదపం అని ముందే చెప్పి ఒప్పుకో. కిరాయి తగ్గినా పర్లేదన్నా.

ఈవేబిల్_అక్క
నాగా, చదువుతుంటే చెయ్యి వణికింది తమ్ముడూ. మీరు రాసినందుకు థ్యాంక్స్. ఆయనకి ఈఎస్ఐ గానీ, ఎంప్లాయీస్ కాంపెన్సేషన్ కింద క్లెయిమ్ గానీ పెట్టారా? పనిలో ఉండగా అంగవైకల్యం వస్తే నష్టపరిహారం యజమాని బాధ్యతే. క్లెయిమ్‌కి రెండేళ్ల గడువు ఉంటుంది, కానీ సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషనర్‌కి ఉంది. ఆయన ఉండే జిల్లాలో లేబర్ ఆఫీసులోనే పెట్టుకోవచ్చు, రాజస్థాన్ దాకా పోనక్కర్లేదు. నాకు మెసేజ్ పెట్టండి, కాగితాలు నేను రాసిపెడతాను, ఫీజు ఏమీ వద్దు.

హెల్పర్_నాగ
అక్కా పెట్టలేదు. ఎవరూ చెప్పలేదు. మెసేజ్ పెడుతున్నా.

థార్_తిరిగినోడు
నాగా, నువ్వు చెప్పింది నేను మొదట చెప్పాల్సింది. నేను కూడ నా హెల్పర్లని అట్లనే ఎక్కించిన, ఆరేండ్లు. ఏం కాలే గాబట్టి మర్చిపోయిన. తప్పు నాది.

ఫతేగఢ్_సైట్
షట్‌డౌన్ సంగతి నేను వివరంగా చెప్తాను, ఇది అందరికీ పనికొస్తాది. పశ్చిమ రాజస్థాన్ అంతా జోధ్‌పూర్ డిస్కం కిందకి వస్తాది. లైను ఏ సబ్ డివిజన్‌లో ఉంటే అక్కడి ఆఫీసులో లెటరు ఇచ్చి, ఛార్జీలు కట్టి, ఫలానా రోజు ఫలానా టైము అని తీసుకోవాలి. లైన్‌మన్ స్పాట్‌కి రావాలి. ఫోన్లో ఆఫ్ చేశాం పోనీండి అంటే పోకూడదు. ఆఫ్ చేశాక కూడా లైన్‌కి ఎర్త్ రాడ్ తగిలించాకే ముట్టుకోవాలి, ఎందుకంటే ఎవరో ఒకరు జెనరేటర్ వేసి ఉంతారు, ఇప్పుడు పొలాల్లో, ఇళ్ల మీద సోలార్ కూడా ఉంది, అటు నుంచి వెనక్కి కరెంటు వచ్చే ప్రమాదం ఉంతాది. పెద్ద లైన్లయితే ఎత్తడం కుదరదు, ముందే టవరు ఎత్తు పెంచమని గానీ దారి మార్చమని గానీ అడగాలి. ఇదంతా చెయ్యడానికి ప్రతి లైను దగ్గరా ఒకరోజు, రెండ్రోజులు పోతాయి. అందుకే సూపర్‌వైజర్లు కర్ర ఇస్తారు.

రూట్‌సర్వే_అనంత
నా సర్వే రిపోర్టుల్లో వైర్ల లిస్టు రాస్తాను, ఏది ఎల్‌టీ (ఇళ్లకి పోయే తక్కువ వోల్టేజీ లైను), ఏది 11 కేవీ, ఏది 33 కేవీ అని, ఎత్తుతో సహా. ఆఖర్లో ఆ పేజీ ఎవురూ చూడరు. ఇప్పటి నుంచీ హెల్పర్లకి ఇచ్చేదానికి ఆ ఒక్క పేజీ తెలుగులో, హిందీలో వేరే ప్రింట్ తీయిస్తా.

కర్నూలు_పిట్ట
చర్చ మధ్యలో వస్తున్నందుకు క్షమించండి, నేను లారీ మనిషిని కాదు, పక్షులు చూసే అలవాటు. మీరు చెప్పే వైర్లే అక్కడ బట్టమేక పిట్టలని కూడా చంపుతున్నాయి. మన రోళ్లపాడులో ఒకప్పుడు ఉండేవి కదా, ఇప్పుడు మిగిలిన వాటిలో ఎక్కువ భాగం జైసల్మేర్ చుట్టుపక్కలే ఉన్నాయి, వాళ్లు గోడావణ్ అంటారు. పెద్ద పక్షి, ఎదురుగా ఉన్నది దానికి సరిగ్గా కనపడదు, లైన్లకి గుద్దుకుంటుంది. సుప్రీంకోర్టు 2021లో లైన్లు భూమిలోకి వెయ్యమని చెప్పింది, 2024లో ఆ ఆదేశం మార్చి కమిటీ వేసింది. మీలో ఎవరైనా దార్లో చూస్తే దయచేసి హారన్ కొట్టకండి.

ఫతేగఢ్_సైట్
నేను రెండుసార్లు చూశాను, దేవీకోట్ దగ్గర. నెమ్మదిగా నడుచుకుంటూ పోయింది. మేం బండి ఆపేశాం.

సింహపురి_పుల్లర్
అందరికీ దండాలు. నాగా, నిన్న నీ పోస్టు నా డ్రైవరుకి, హెల్పరుకి ఇద్దరికీ చదివి వినిపించినా. హెల్పరు మా పెదనాన్న మనవడే, ఇరవై రెండేళ్లు. వాడు ఏమీ మాట్లాడలా, లోపలికి పోయి వాళ్లమ్మకి ఫోన్ చేసినాడు.

ఈరోజు ఆఫీసులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చున్నా. సర్వే రిపోర్టు చూపించారు, ఐదు నెలల పాతది. కొత్తది చేయిస్తాం అన్నారు. హాల్టింగ్ (బండి ఆగిన రోజులకి ఇచ్చే డబ్బు) రెండో రోజు నుంచి, వాపస్ డీజిల్ వాళ్లది, ఇవి రాసిచ్చారు. షట్‌డౌన్ లేకుండా లైను కింద కదపను, నా మనిషిని పైకి ఎక్కించను అంటే ఒకాయన ఒప్పుకోలా, అట్లయితే వేరే పుల్లర్ చూసుకుంటాం అన్నాడు. నేను లేచి వచ్చేసినా. గేటు దాటేలోపు వాళ్ల పెద్ద మేనేజరు పిలిచి, సరే కండిషన్ రాయండి అన్నాడు. రాసి సంతకం పెట్టారు.

థార్_తిరిగినోడు
శెభాష్ తమ్మీ. ఇంకొన్ని చిన్న ముచ్చట్లు. టోల్ ప్లాజా కాడ ఆఖరి లైన్ వెడల్పుగ ఉంటది, అందులకెల్లే పోవాలె, ముందే పైలట్‌ని పంపి ఖాళీ చేయించు. లోడు మీద పుల్లర్ లీటరుకి కిలోమీటరు, కిలోమీటరున్నర ఇస్తే గొప్ప, డీజిల్ లెక్క ప్రతి బంకు కాడ ఫొటో తీసి పెట్టు. రాత్రి పశువులు, ఒంటెలు, నీల్‌గాయ్‌లు రోడ్డు మీదనే పండుకుంటయి. భాద్రపదంల రామ్‌దేవ్‌రా జాతర ఉంటది, పోకరణ్ కాడ, జెండాలు పట్టుకొని లక్షల మంది నడుచుకుంట పోతరు, ఆ పదిహేను రోజులు అటు దిక్కు లోడు కదలనియ్యరు. నీ లోడు బాడ్‌మేర్ మీదికెల్లి గాబట్టి నీకు ఇబ్బంది తక్కువ గానీ, అన్‌లోడ్ అయినంక ఫలోదీ దిక్కు ఇంకో లోడుకి రమ్మంటే పంచాంగం చూసుకొని చెప్పు.

తిండి సంగతి, బియ్యం, చింతపండు, కారం తీస్కపో. అక్కడ సజ్జ రొట్టె, కడీ, మజ్జిగ మంచిగ దొరుకుతయి. మన రాయలసీమోళ్లకైతే సజ్జ రొట్టె కొత్త కాదు.

రూట్‌సర్వే_అనంత
మా ఇంట్లో ఇప్పటికీ వారానికి రెండు సార్లు అదే.

కొత్తలారీ
అన్నా ఈ లోడ్లకన్నా పెద్దవి కూడా పోయాయా ఆ రోడ్ల మీద?

రూట్‌సర్వే_అనంత
పోయినాయి తమ్ముడూ. పచ్‌పద్రాలో 90 లక్షల టన్నుల రిఫైనరీ కట్టారు కదా, దానికి గుజరాత్ వైపు నుంచి రియాక్టర్లు వచ్చినాయి, ఒక్కోటి వందల టన్నులు. సాంచోర్ దగ్గర నర్మదా కాలువ వంతెన ఆ బరువు మొయ్యలేదని కాలువలోనే తాత్కాలికంగా దారి వేసి దాటించారు. ఒక్క లోడు కోసం ఎన్ని నెలల ప్లానింగో ఆలోచించు. మన పక్క అయితే ఇస్రో వాళ్ల ఆటోక్లేవ్ గుర్తుందా, 70 టన్నులు, 74 చక్రాల బండి, 2019 జూలైలో మహారాష్ట్రలో బయల్దేరి 2020 జూలైలో తిరువనంతపురం చేరింది. లాక్‌డౌన్‌లో మన ఆంధ్రలోనే నెల రోజులు ఆగిపోయింది. దాని బరువు మీ ట్రాన్స్‌ఫార్మర్‌లో సగం కూడా లేదు, కానీ ఎత్తు ఏడు మీటర్ల పైన, వెడల్పు ఆరు మీటర్ల పైన, దారి పొడుగునా చెట్లు, వైర్లు తీసుకుంటా పోవాల్సొచ్చింది.

సింహపురి_పుల్లర్
(రెండున్నర నెలల తర్వాత)
అన్నలూ, చేరినాం. మొత్తం 71 రోజులు పట్టింది. వాళ్లు చెప్పిన నలభై కాదు. మహారాష్ట్రలో ఒక బ్రిడ్జి పక్కన డైవర్షన్ రెడీ కాలేదని పదకొండు రోజులు, సాంచోర్ దాటాక రెండు చోట్ల లైన్ల కోసం ఆరు రోజులు, ఆఖర్లో సైటు రోడ్డు మీద ఇసక మేట తీయించడానికి మూడు రోజులు. ఈవేబిల్ మాత్రం ఒక్కసారి కూడా పొడిగించే పని పడలా, అక్కా. హాల్టింగ్ డబ్బులు సగం వచ్చినాయి, మిగతాది బిల్లు పెట్టినాం. ఇంపాక్ట్ రికార్డర్ చూసి సైటు వాళ్లు లోడు తీసుకున్నారు, ఏ దెబ్బా లేదు.

శివ్ దాటాక ఒక ఊరి కాడ లైన్‌మన్ రెండు గంటలు లేటుగా వచ్చినాడు. వెనక బండ్లు అర కిలోమీటరు నిలబడిపోయినాయి, హారన్లు కొడతా ఉండారు, వాళ్ల సూపర్‌వైజరు మావాడి చేతికి కర్ర ఇయ్యబోతే, మావాడు తీసుకోలా, సంతకం పెట్టిన కాగితం ఫోన్‌లో చూపించినాడు. లైన్‌మన్ వచ్చి ఎర్త్ రాడ్ తగిలించినాక నిమిషంలో లోడు దాటిపోయింది. ఆ లైన్‌మన్‌కి మావాడే టీ తాపించినాడంట.

హెల్పర్_నాగ
అన్నా, ఇది పొద్దున టీ బంకు దగ్గర కూర్చుని ఆయనకి చదివి వినిపించా. మళ్లీ ఒకసారి చదవమన్నాడు. అక్క రాసిన కాగితాలు పోయిన సోమవారం నరసరావుపేటలో ఇచ్చి వచ్చాం, వచ్చే నెల 12న రమ్మన్నారు.